చదవడం నేరమైన చోట: నికో రోబిన్

నికో రోబిన్ ఏడ్చిన ఘట్టం గురించి అందరూ మాట్లాడతారు. ఆమె ఏం చదివింది, చదివినందుకు ఆమెకు ఏం జరిగింది అన్నది మాత్రం ఎవరికీ పట్టదు. ‘వన్ పీస్’ అభిమానుల్ని అడిగి చూడండి. ఒంటరి ఆడమనిషికి చివరికి స్నేహితులు దొరికారు, చూస్తుంటే కన్నీళ్లొచ్చాయి అంటారు. స్నేహం గొప్పదే, కాదనను. కానీ అంతటితో ఆగిపోతే ఆ పాత్ర మీద జరిగిన అసలు హింస పేరు మన నోట్లోంచి రాకుండానే పోతుంది. వేటాడారు కాబట్టే ఆమె ఒంటరిదైంది. వేటాడింది ఎందుకంటే ఆమెకు చదవడం వచ్చు.

మా వయసు టీచర్లకు ఈ కథ తెలియదు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పాలి. ‘వన్ పీస్’ జపాన్ బొమ్మల కథ. ఐయిచిరో ఓడా 1997 జూలై నుంచి ‘షోనెన్ జంప్’ వారపత్రికలో రాస్తూ గీస్తూ ఉన్నాడు. నూటపదికి పైగా సంపుటాలొచ్చాయి, ఇంకా అయిపోలేదు. 1999 నుంచి తోయె సంస్థ దాన్ని యానిమేగా తీస్తోంది. లూఫీ అనే కుర్రాడు సముద్రపు దొంగల రాజు కావాలని బయల్దేరతాడు. వాడి ఓడలోకి ఒక్కొక్కరే వచ్చి చేరతారు. ఎదుట ‘ప్రపంచ ప్రభుత్వం’ ఉంటుంది. దాని నెత్తిన దేవతల వంశం వాళ్లమని చెప్పుకునే కులీనులుంటారు. వాళ్లు మామూలు మనుషులు పీల్చిన గాలి పీల్చరు. బుడగలో తల పెట్టుకుని తిరుగుతారు. మనుషుల్ని కొని వీపున వాత పెడతారు. మైల, మడి అన్న మాటలు ఓడాకు తెలుసో తెలియదో గానీ బొమ్మ మాత్రం సరిగ్గా గీశాడు.

నాకు ఈ కథ చూపించింది హాస్టల్లో ఉండి ఎం.ఏ. చదివే ఒక అమ్మాయి. ‘మేడమ్, ఇందులో చేప మనుషుల దీవి కథ ఉంది, అది మన కథే’ అంది. చూశాను. నిజమే, అక్కడ వివక్ష గురించి బాహాటంగానే మాట్లాడతారు. బానిసగా ఉండి తప్పించుకున్నవాళ్లు, వాత పడ్డ వీపులు, పగను పిల్లలకు అంటించే పెద్దలు, అంటించొద్దనే పెద్దలు, అన్నీ ఉన్నాయి. దాని గురించి రాయడం తేలిక. రచయితే అన్నీ విప్పి చెప్పేశాడు కాబట్టి మనం వేలు పెట్టి చూపిస్తే సరిపోతుంది. నన్ను పట్టుకున్నది మాత్రం రోబిన్. ఆమె దగ్గర వాత లేదు. ఆమె దగ్గర ఉన్నది అక్షరం.

ఒహారా అనేది పశ్చిమ సముద్రంలో ఒక దీవి. దాని నడుమ ఒక మహావృక్షం. దాని లోపలే గ్రంథాలయం. ఎక్కడెక్కడి పండితులో వచ్చి అక్కడ చేరారు. రోబిన్ తల్లి ఒల్వియా కూడా పండితురాలే. పిల్లను చిన్నప్పుడే తమ్ముడి ఇంట్లో వదిలి, పాత రాళ్లను వెతుక్కుంటూ సముద్రం మీద వెళ్లిపోయింది. ఆ ఇంట్లో మేనత్త వరస ఆమె పిల్ల చేత చాకిరీ చేయిస్తుంది. సొంత కూతురికి పండగైతే ఈ పిల్లకు రొట్టెముక్క. ఒక పండు తిన్నందువల్ల రోబిన్‌కు ఎక్కడ కావాలంటే అక్కడ చేతులు మొలిచే శక్తి వచ్చింది. ఊళ్లో పిల్లలు దెయ్యమని తిట్టి రాళ్లు విసురుతారు. ఈ కథలో మిగతావాళ్ల శక్తులు నిప్పు, మెరుపు, మంచు. పనిపిల్లగా పెరిగిన ఆడపిల్లకు మాత్రం చేతులిచ్చాడు. అది రచయిత కావాలని చేశాడో, చెయ్యి తిరిగి అలా పడిందో గానీ నేను ఆ చోట చాలాసేపు ఆగాను.

ఊరు వెలేసిన పిల్ల గ్రంథాలయంలో కూర్చుని పెరిగింది. 8 ఏళ్లకే పురావస్తు పండితుల పరీక్ష పాసైంది. అయినా ఆ చెట్టు నేలమాళిగలో ఉన్న పోనెగ్లిఫ్ దగ్గరికి ఆమెను రానివ్వలేదు. పోనెగ్లిఫ్ అంటే పగలని, కాలని రాయి. దాని మీద ఎవరికీ అర్థం కాని లిపి. 900 ఏళ్ల కిందటి నుంచి 800 ఏళ్ల కిందటి వరకు ఒక వందేళ్ల చరిత్ర ఆ లోకంలో ఎక్కడా లేదు. పుస్తకాల్లో లేదు, నోట్లో లేదు. ఆ రాళ్ల మీద మాత్రమే ఉంది. ఆ రాళ్లను పరిశోధించడం నేరమని ప్రభుత్వం శాసనం. పండితులు ఆ శాసనాన్ని చాటుగా ధిక్కరిస్తూనే ఉన్నారు. కానీ ఈ పిల్ల ‘నేనూ చదువుతాను’ అంటే కోప్పడ్డారు. ప్రేమ కొద్దీ వద్దన్నారు, ప్రాణం పోతుందని వద్దన్నారు, ఒప్పుకుంటాను. కానీ వద్దన్నారు. ఆమె తలుపు సందులోంచి చూసి, ఎవరూ చెప్పకుండా తనంతట తనే నేర్చుకుంది. ఈ మధ్య వచ్చే వ్యాసాలన్నీ ఒహారా పండితుల్ని ఆకాశానికెత్తుతాయి. మంచివాళ్లు కాపలా కాసే తలుపు కూడా తలుపే కదా.

ఇక్కడ మన పాఠకులకు శంబూకుడు గుర్తొస్తాడు. గుర్తుకు రావడం సహజం. కానీ ఒకదాని మీద ఒకటి తెచ్చి అతికించే తొందర మనకు వద్దు. శంబూకుడిని చంపింది వర్ణం తప్పి తపస్సు చేశాడని. ఒహారా పండితులు అణగారిన జాతి వాళ్లు కారు. గౌరవం, తీరిక, గ్రంథాలయం ఉన్నవాళ్లు. వాళ్ల మీద పడ్డ దెబ్బ కులం దెబ్బ కాదు, రాజ్యం దెబ్బ. ఆ పండితుల్లో ఊరి చివర బతుకు తెలిసిన మనిషి ఒక్కతే. చివరికి బతికి బయటపడిందీ ఆ ఒక్కతే.

ప్రభుత్వ నౌకలు వచ్చాయి. పెద్ద పండితుడు క్లోవర్ ఆ వందేళ్లలో ఏం జరిగి ఉంటుందో తన ఊహను ఫోన్‌లో పైవాళ్లకే చెబుతాడు. అప్పట్లో ఒక పెద్ద రాజ్యం ఉండేది, ఇప్పుడు లోకాన్ని ఏలుతున్నవాళ్ల పూర్వీకులు దాన్ని ఓడించి ఆ జాడ చెరిపేశారు అంటాడు. ఆ రాజ్యం పేరు పలకబోతుంటే కాల్చేస్తారు. గమనించండి, అంతవరకూ చెప్పనిచ్చారు. సిద్ధాంతాన్ని విన్నారు, వాదాన్ని విన్నారు. పేరు దగ్గర తుపాకీ పేలింది. దళిత చరిత్ర మీద పనిచేసే ఎవరికైనా ఇది తెలిసిన అనుభవమే. ‘అణచివేత ఉండేది’ అన్నంతవరకు సెమినార్లో చప్పట్లు కొడతారు. ఏ ఊరు, ఏ భూమి, ఎవరి తాత అని పేరు పెట్టగానే గదిలో గాలి మారిపోతుంది.

ఆ తర్వాత ‘బస్టర్ కాల్’. 10 యుద్ధనౌకలు, ఐదుగురు వైస్ అడ్మిరల్స్, దీవి మొత్తం బూడిద. ఎందుకంటే ఆ రాళ్ల చదువుతో పాతకాలపు మారణాయుధాలు మళ్లీ లేస్తాయట. శాంతిభద్రతల మాట ఎత్తకుండా ఏ రాజ్యమూ పుస్తకాలు తగలబెట్టదు. చదువుతో సంబంధం లేని ఊరిజనాన్ని ఓడ ఎక్కించి పంపేస్తామన్నారు. వాళ్లలో ఒక్క పండితుడైనా దాక్కుని ఉండొచ్చని సకాజుకి అనే అధికారి ఆ ఓడను కూడా పేల్చేశాడు. రాళ్లు విసిరిన పిల్లలూ అందులోనే ఉండి ఉంటారు. చదువుకున్నవాళ్లను చంపే పనిలో చదవనివాళ్లు మిగిలిపోరు.

పిల్ల తప్పించుకుంది. సౌల్ అనే రాకాసి మనిషి, నౌకాదళాన్ని వదిలి వచ్చినవాడు, ఆమెకు నవ్వడం నేర్పి, నీకోసం ఎవరో ఒకరు ఎక్కడో ఉంటారని చెప్పి, మంచులో గడ్డకట్టిపోతాడు. ప్రభుత్వం 8 ఏళ్ల పిల్ల తలకు 7 కోట్ల 90 లక్షల బెరీల వెల కట్టి బొమ్మ అచ్చేసింది. యుద్ధనౌకల్ని ముంచిందని నేరం రాసింది. ‘దెయ్యపు పిల్ల’ అని పేరు పెట్టింది. ఊరి పిల్లల తిట్టు ఇప్పుడు సర్కారీ కాగితమైంది.

ఆ కాగితం పని చేసే పద్ధతిని ఓడా బాగా పట్టుకున్నాడు. రోబిన్ ఒక ఇంట్లో అంట్లు తోముకుంటూ బతుకుదామనుకుంటుంది. అన్నం పెట్టినవాళ్లే పట్టిస్తారు. దొంగల ముఠాలో చేరుతుంది, ముఠా చచ్చిపోతుంది. ఆమె కాలు పెట్టిన చోటల్లా నాశనం అనే మాట పుడుతుంది. నాశనం చేసేది ప్రభుత్వం, శకునం మాత్రం ఆమె. 20 ఏళ్లు ఇట్లా గడిచాక ఆమె కూడా అదే నమ్ముతుంది. తనను చేర్చుకున్నవాళ్లకు తన వల్లే చావని. అంటరానితనం మనిషి లోపలికి దిగడమంటే ఇదే. బయటివాడు తాకొద్దనడం ఆగిపోయినా, లోపల్నుంచి తానే తాకొద్దని దూరం జరగడం.

ఇది జపాన్‌లో పుట్టిన కథ. ఈ బొమ్మల కాగితాన్ని ఆ దేశపు కాగితాల పక్కన పెట్టి చూడాలి. అక్కడ బురాకు జనం ఉన్నారు. తోలు పని, పశువుల కోత, చావు పనులు చేసినవాళ్లని, మైలవాళ్లని తొకుగవా కాలంలో ఊరి బయట ఉంచిన కులాల వారసులు. 1871లో ప్రభుత్వం ఆ హీన హోదాల పేర్లు రద్దు చేసింది. మరుసటి ఏడాదే దేశమంతా కుటుంబాల రిజిస్టరు తయారైంది. కొన్ని చోట్ల అందులోకి పాత గుర్తులు మళ్లీ ఎక్కాయి. ఆ రిజిస్టరును జనం చూడకుండా మూసింది 1968లో. 1922 మార్చిలో క్యోటోలో ‘సుయిహేయ్‌షా’ పుట్టి, మేమూ మనుషులమని చాటింది. అయినా 1975లో ఒక సంగతి బయటపడింది. బురాకు వాడల పేర్లు, చిరునామాలు అచ్చేసిన పుస్తకాలను రెండు వందలకు పైగా కంపెనీలు గుట్టుగా కొనుక్కుని, ఉద్యోగానికి వచ్చినవాళ్ల పుట్టుక ఆరా తీస్తున్నాయి. ఆ జనానికి వేరే ముఖం లేదు, వేరే భాష లేదు. గుర్తు పట్టాలంటే జాబితా కావాలి. ఈ జాబితా ఇప్పటికీ చావలేదు. 1936 నాటి సర్వేలోని పేర్లను 2016లో ఇంటర్నెట్‌లో పెట్టారు, పుస్తకంగా అమ్మబోయారు. కోర్టుకెళ్లారు. వివక్షకు గురికాకుండా ఉండే హక్కు మనిషికి ఉందని టోక్యో హైకోర్టు ఒప్పుకున్నది 2023లో.

ఓడా బురాకు గురించి రాశాడని నేను అనడం లేదు. ఆయన అట్లా ఎక్కడా చెప్పలేదు. నేను చెప్పేది వేరు. కాగితం ముఖంలా, పుట్టుకలా ఎట్లా మారుతుందో ఎరిగిన సమాజంలో కూర్చుని గీసిన బొమ్మ ఇది. చదివేవాళ్లలో ఆ జాబితాలో పేరున్న పిల్లలూ ఉంటారు. వాళ్లకు ఆ పోస్టరు ఒట్టి కథ కాదు.

రోబిన్ కథలో ఇంకో మలుపు కూడా ఉంది. ఏలేవాళ్ల దగ్గర ఆమె గురించి కాగితం ఉంది. ఆమె దగ్గర ఏలేవాళ్ల గురించి రాయి ఉంది. కాగితాన్ని కోట్ల కొద్దీ అచ్చేయొచ్చు. రాయిని చదవగలిగేది ఆమె ఒక్కతే. ఈ రెంటికీ మధ్య 20 ఏళ్లు నడిచిన యుద్ధమే ఆమె జీవితం. అందుకే ఆమెను ‘విషాద గతం ఉన్న అందగత్తె’ అని పిలిచేవాళ్లను చూస్తే నాకు చిరాకు.

ఆమె పవిత్రురాలేం కాదు. కథలోకి వచ్చేదే శత్రువుగా. అలబాస్తా ఎడారి దేశంలో కరువు తెచ్చి, జనంలో జనానికి పోరు పెట్టి, సింహాసనం కొట్టేయాలని చూసే క్రోకడైల్ దగ్గర నాలుగేళ్లు రెండో పెద్దగా ఉంటుంది. అక్కడ చచ్చిపోయిన జనానికి ఆమె జవాబు చెప్పాల్సే ఉంది. కథ దాన్ని తొందరగా దాటేసింది, అది లోపమే. కానీ అక్కడి రాయి మీద ఆయుధం వివరం కనబడితే, లేదని క్రోకడైల్‌కు అబద్ధం చెబుతుంది. వాడు పొడిచేస్తాడు. కూలిపోతున్న సమాధిలో, ఇక చాలు చచ్చిపోతానని పడుకుంటుంది. లూఫీ అడక్కుండానే ఎత్తుకొచ్చేస్తాడు. చావనివ్వకుండా బతికించడం నీ నేరం, కాబట్టి నాకు చోటియ్యి అన్న అర్థంలో మాట్లాడి ఆమె ఓడెక్కుతుంది. ఎంత చేదు! బతుకును హక్కుగా అడగలేక, ఎదుటివాడి తప్పుగా లెక్క రాసి తీసుకుంది.

ఓడెక్కిన తర్వాత కూడా చాలాకాలం ఎవర్నీ పేరు పెట్టి పిలవదు. దారి చూసే నామి ఆమెకు ‘నావిక గారు’. జోరో ‘కత్తివీరుడు గారు’. వంటవాడు, డాక్టరు, పొడుగు ముక్కు, అన్నీ పనులూ గుర్తులే. పని పేరుతో పిలిపించుకోవడం మనకు తెలుసు, ఆ బాధా తెలుసు. ఇక్కడ అది తిరగబడింది. పేరు పెట్టి పిలిస్తే మనిషి అవుతాడు, మనిషైతే పోతాడు అన్న భయంతో ఆమె దూరం పెట్టుకుంది. ఆమె వాళ్లందర్నీ పేర్లతో పిలవడం రెండేళ్లు విడిపోయి మళ్లీ కలిశాకే మామూలైంది. ఇంగ్లీషులోకి, మన భాషల్లోకి వచ్చేటప్పటికి ఈ తేడా తరచు కరిగిపోతుంది.

ఇక ఆ ఏడుపు ఘట్టం, 41వ సంపుటం, 2006. తన స్నేహితుల మీదికి బస్టర్ కాల్ రాకుండా ఉండాలని ఆమె తనంతట తానే ప్రభుత్వానికి లొంగిపోతుంది. వాళ్లు వెతుక్కుంటూ వస్తే వెళ్లిపొమ్మంటుంది. నా శత్రువు లోకమంతా, ఎప్పటికైనా మీకూ నేను బరువవుతాను అంటుంది. లూఫీ మాటలతో ఓదార్చడు. గోపురం మీద ఎగురుతున్న ప్రపంచ ప్రభుత్వ జెండాను కాల్చేయమంటాడు. ఉసోప్ కాల్చేస్తాడు. అప్పుడు ఆమెను అడుగుతాడు, బతకాలని ఉందా చెప్పమని. ఆమె చెబుతుంది.

2025 ఆగస్టులో ఇండోనేషియాలో, సెప్టెంబరులో నేపాల్‌లో కుర్రకారు ప్రభుత్వాల మీద కోపంతో వీధుల్లోకి వచ్చినప్పుడు ఈ కథలోని గడ్డిటోపీ పుర్రె జెండా పట్టుకున్నారు. ఫోటోలు మీరూ చూసుంటారు. ఆ జెండాకు ఆ బరువెక్కడిదంటే, ఈ ఘట్టంలో కాలిన జెండా వల్ల వచ్చింది కూడా అని నా లెక్క. దాన్ని కాల్చింది ఒక చదువుకున్న ఆడమనిషి కోసం.

మా అమ్మాయిని ఈ ఘట్టం గురించి అడిగాను. ‘అందరూ ఏడుస్తారు మేడమ్, నాకు మాత్రం కోపం వచ్చింది. బతకాలని ఉందని చెప్పడానికి కూడా ఒకరు అడగాలా?’ అంది. నేను జవాబు చెప్పలేదు. హాస్టళ్లలో మన పిల్లలు ఎట్లా పోతున్నారో ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు. పోయినాక కమిటీలు వేస్తారు. ఉన్నప్పుడు ఎవరూ అడగరు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినా అదే కథలో దానికి సగం జవాబు ఉంది. చెప్పాక కూడా విడుదల రాలేదు. చేతులకు సంకెళ్లు, శక్తి పనిచేయదు. స్పాండమ్ అనే అధికారి జుట్టు పట్టుకుని వంతెన మీద ఈడుస్తాడు, తంతాడు. వెయ్యి చేతులు మొలిపించగల మనిషికి పట్టుకోవడానికి చేతుల్లేవు. ఆమె వంతెన రాతిని పళ్లతో కరిచి పట్టుకుంటుంది. అభిమానులు ఏడుపు బొమ్మను గోడకు అతికించుకుంటారు. నేనైతే ఈ బొమ్మను అతికిస్తాను. ‘బతకాలని ఉంది’ అన్న మాట నోటితో అన్నది, అదే నోటితో చేసి చూపించింది ఇక్కడ. దీనికి ఎవరూ అడగలేదు.

ఇంతవరకు మెచ్చుకున్నాను. ఇక నా తగాదా.

యానిమేలో రోబిన్ మొదట చామనఛాయగా ఉండేది. 2011లో రెండేళ్ల విరామం తర్వాత కథ మళ్లీ మొదలైనప్పుడు తెల్లగా వచ్చింది. ఓడా రంగుల బొమ్మల్లో ఎప్పుడూ తెల్లగానే ఉంది, దాన్ని సరిదిద్దారు అంటారు. పాఠకుల ప్రశ్నల పేజీలో ఈమె మన లోకంలో అయితే రష్యా మనిషి అని ఆయనే చెప్పాడు కూడా. సరే. కానీ పదేళ్లకు పైగా తెరమీద చామనఛాయ పండితురాలిని చూసిన పిల్లల సంగతేమిటి? వాళ్లు చూసిన రంగు ‘తప్పు’ అయిపోయింది. సరిదిద్దుడు ఎప్పుడూ ఒకవైపుకే నడుస్తుంది. నడుము సన్నబడి, ఒంటిమీద బట్ట తగ్గిన సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈ కథలో ఆడవాళ్లందరికీ ఒకే అచ్చు.

రెండో తగాదా పెద్దది. రోబిన్ ఎవరికీ చదువు చెప్పదు. పారిపోతున్న 20 ఏళ్లలో చెప్పలేదంటే అర్థముంది, నేర్చుకున్నవాడి ప్రాణం పోతుంది. కానీ ఓడెక్కాక? చాపర్ డాక్టరు, పుస్తకాల పురుగు. నామికి పటాలు గీయడం వచ్చు. ఒక్కరికి ఒక్క అక్షరం నేర్పిన పేజీ నాకు కనపడలేదు. ఆమె చనిపోతే ఆ చదువు ఆగిపోతుంది. కథకు ఇది సౌకర్యం. ‘లోకంలో చదవగలిగేది ఒక్కతే’ అంటే ఉత్కంఠ ఉంటుంది, శత్రువులు ఎత్తుకెళ్లడానికి పనికొస్తుంది. 1848లో పూణేలో పేడ కొట్టించుకుంటూ బడికి వెళ్లి ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించిన సావిత్రీబాయి మన వెనక ఉంది కాబట్టి మనకు ఈ లోటు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. చదువు ఒక్కరి బుర్రలో ఉంటే కాపాడాల్సిన నిధి అవుతుంది. కాపలావాళ్లు మగవాళ్లవుతారు.

రేలీ అనే ముసలి నావికుడు, ఆ లోకమంతా చుట్టి రహస్యం తెలుసుకొచ్చినవాడు, కావాలంటే ఇప్పుడే చరిత్రంతా చెప్పేస్తానంటాడు ఆమెతో. 20 ఏళ్లు దేనికోసం పరుగెత్తిందో అది చేతికందిస్తున్నాడు. వద్దంటుంది. ప్రయాణం సాగిస్తానంటుంది. దీన్ని చాలామంది సాహసప్రియత్వం కింద చదివారు. నాకు అట్లా అనిపించలేదు. ఒకరు దయతో చెప్పిన చరిత్ర వినడానికీ, నీ కళ్లతో రాయి చదవడానికీ తేడా ఉంది. మన చరిత్రను మనకు ప్రేమగా చెప్పిపెట్టినవాళ్లు తక్కువేం లేరు కదా. ఆ వద్దనడం ఆమె స్వాభిమానం. అయితే ఆ తర్వాత కథ ఏం చేసింది? 2024లో ఆ శూన్య శతాబ్దం గురించి లోకమంతటికీ వినపడేట్టు ప్రసారం చేసింది వేగాపంక్. ప్రభుత్వ కొలువులో పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త. అతనూ ప్రాణం పోగొట్టుకున్నాడు, తక్కువ చేయను. అతను చదివిందీ ఒహారా పుస్తకాలే. మంటల్లో పండితులు చెరువులోకి విసిరేసిన పుస్తకాల్ని రాకాసి మనుషులు వచ్చి తీసుకెళ్లారని 2022లో తెలిసింది. పుస్తకాలు బతికాయి, సంతోషం. కానీ మైకు దగ్గర నిలబడింది ఎవరు? రోబిన్ కాదు.

మధ్యలో ఒక చోట మాత్రం కథ ఆమెకు న్యాయం చేసింది. రెండు సార్లు అనాలేమో. టెకీలా వుల్ఫ్‌లో ఆమెను కూలీగా పట్టుకుంటారు. మంచులో, పలచటి బట్టల్లో, 700 ఏళ్లుగా బానిసల చేత కట్టిస్తున్న వంతెన అది. ప్రభుత్వానికి తలొగ్గని దేశాల జనాన్ని తెచ్చి అక్కడ పడేస్తారు. చరిత్ర చదివే మనిషి చరిత్ర మోసే మనుషుల పక్కన నిలబడి రాళ్లు మోసింది. దాన్ని ఇంకొంచెం విస్తరించి రాస్తే బాగుండేది. రెండోది వానో కథలో, 2021. బ్లాక్ మరియా అనే ఆమె ఎదురొచ్చి హేళన చేస్తుంది. రోబిన్ తన చేతులన్నిటినీ పోగేసి, కొమ్ములు రెక్కలతో పెద్ద రాక్షసి రూపం దాలుస్తుంది. దానికి తనే ‘దెయ్యపు పువ్వు’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకుంటుంది. 8 ఏళ్లప్పుడు రాళ్లతో పాటు విసిరిన మాట, పోస్టరు మీద ఎక్కిన మాట, ఇప్పుడు ఆమె నోట్లోంచి వస్తోంది. తిట్టును పేరుగా ఎత్తుకోవడం ఏమిటో మన కవులకు చెప్పక్కర్లేదు. ‘దళిత’ అన్న మాటే ఒకప్పుడు ఏమిటి, ఇప్పుడేమిటి? కాకపోతే ఆమె ఆ దెయ్యాన్ని కూడా కెప్టెన్‌కు ఊతంగా నిలబడటానికే ఎత్తుతుంది. తన కోసం ఎత్తిన రోజు ఇంకా రాలేదు.

2024లో మొదలైన ఎల్బాఫ్ భాగంలో కథ ఆమెను రాకాసి మనుషుల దీవికి తీసుకెళ్లింది. చచ్చిపోయాడనుకున్న సౌల్ అక్కడ బతికే ఉన్నాడు. ఒహారా పుస్తకాలు అక్కడే ఉన్నాయి. ఆమె ఆయన్ని కలుస్తుంది, చిన్నపిల్లలా ఏడుస్తుంది. సౌల్ అక్కడ చేస్తున్న పనేమిటో తెలుసా? బళ్లో పంతులు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాడు. పుస్తకాలున్నాయి, బడి ఉంది, పిల్లలున్నారు, ఆ లిపి తెలిసిన మనిషి గుమ్మంలోకి వచ్చింది. ఇన్నేళ్లలో ఇవన్నీ ఒకచోట చేరడం ఇదే మొదటిసారి.

‘చెబుతుందంటారా మేడమ్?’ అని మా అమ్మాయి అడిగింది. కథ వారం వారం వస్తూనే ఉంది. ఆమె సుద్దముక్క పట్టుకుందో లేదో చూడటానికే నేనిప్పుడు పేజీలు తిప్పుతున్నాను.